కుమారి ఫ్రాన్సెస్ పవర్ కాబ్ జీవితము

రాజా రామమోహనరాయలవారు 1833వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీని బ్రిస్టలు నగరసమీపమున దేహము చాలించిరన్న సంగతి మనవారందఱు నెఱిగినదే. వారి యంత్యదినములను గూర్చి 1866లో గ్రంథము ప్రకటించిన మేరీ కార్పెంటరు పేరును మన చదువరులకు క్రొత్తది కాదు. బీదపిల్లలకును, నేరము చేసి శిక్షింపబడిన బాలికలకును బడులు నెలకొల్పి యామె యా నగరముననే తన జీవితమును గడపెను. అయితే ఆమె యింట కొంతకాలము కాపురముండి, ఆ బడులలో పనిచేసి, పిమ్మట కేశవచంద్రసేనులవారికి లండనులో మిత్రురాలైన మఱియొక స్త్రీ కలదు. ఆమెయే ఫ్రాన్సెస్ పవర్ కాబ్. ఏకేశ్వరోపాసకురాలు, గ్రంథకర్త్రి, స్త్రీల హక్కులకై వాదించిన ధీరురాలు. వీని యన్నిటికంటె నెక్కువగా, శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలలో కోయబడు మూగజీవుల పక్షమున నలువదియేండ్లు పోరాడినది.

ఆమె చేసిన పనుల నన్నిటిని వర్ణించుట మా యుద్దేశము గాదు. మేము న్యాయవాదవృత్తియం దున్నవారము గావున, ఆమె జీవితమున నొక చట్టపు వాక్యము మా మనస్సును ప్రత్యేకముగా పట్టుకొన్నది. మత్తుమందిచ్చి కోయబడిన జంతువు మఱల మేల్కొనవచ్చునా, లేక మేల్కొనకమునుపే దానిని బాధలేకుండ చంపివేయవలయునా యను ప్రశ్నకు 1876లో ఇంగ్లండుచట్టము మొదటిసారిగా సమాధానము చెప్పెను. ఆ చట్టము పుట్టుటకు కుమారి కాబ్ యొక్క శ్రమ ప్రధానకారణము. అది పుట్టినతోడనే దానిని నిరాకరించినదియు ఆమెయే. ఈ రెండింటిలో నేది సరియైనదో తేల్చుట మాకు సులభము గాలేదు.

ఆమె 1822వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీని ఐర్లండుదేశమున డబ్లిను నగరమందు జన్మించెను. పశువుల హింసను నేరముగా నేర్పఱచిన మొదటి ఇంగ్లీషు చట్టమును రిచర్డు మార్టిను అను ఐర్లండు దేశస్థుడు పార్లమెంటున నెగ్గించినదియు ఆ సంవత్సరమే. కాబ్ కుటుంబమువారు డొనబేటు గ్రామమున న్యూబ్రిడ్జి యను పెద్దభవనము గల భూస్వాములు. నలుగు రన్నల తరువాత పుట్టిన యేకైకపుత్రిక యామె. తండ్రి క్రైస్తవమతాచారములను నిష్ఠతో నడుపువాడు. ఇంట ఉపాధ్యాయినుల కడ చదివించి, పిమ్మట బ్రైటను పట్టణమున నొక సంపన్నబాలికల పాఠశాలకు రెండేండ్లు పంపిరి. ఆ రెండేండ్లకు వేయి పౌనులు వ్యయమైనవి. నాట్యము, సంగీతము, నడవడిక నేర్పిరి గాని బుద్ధికి పనికివచ్చిన దేదియు నేర్పలేదని యామె తరువాత తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. ఇంటికి తిరిగివచ్చి తండ్రి పుస్తకశాలలో తానే చదువుకొనెను. మన జమీందారీ యిండ్లలోను ఆడపిల్లల చదువు చాలకాల మీ తీరుననే సాగినది గదా.

ఆ చదువుచేతనే ఆమెకు బైబిలునందలి అద్భుతములపై నమ్మకము సడలెను. కొంతకాలము ఈశ్వరుడే లేడేమో యను చీకటిలో నుండెను. పిమ్మట అమెరికాదేశపు మతసంస్కర్త థియొడోరు పార్కరు గ్రంథములు చేతికి వచ్చెను. మధ్యవర్తులు లేక, గ్రంథప్రామాణ్యము లేక, అంతరాత్మలోనే యీశ్వరుని తెలిసికొనవచ్చునను బోధ ఆమెకు దారి చూపెను. 1847లో తల్లి చనిపోయిన తరువాత ఆమె తన మతమును దాచక తండ్రికి తెలియజేసెను. ఆయన కోపించి యామెను డొనెగాలులో నున్న సోదరుని యొద్దకు పంపివేసెను. కొన్ని నెలల తరువాత ఇంటిని చక్కబెట్టు దిక్కులేక తిరిగి పిలిపించుకొనెను గాని మతవిషయమున నిరువురికిని పొత్తు కుదురలేదు. తండ్రియింట నుండగనే ఆమె నీతిశాస్త్రమును గూర్చి 1855లో మొదటి గ్రంథమును తన పేరు లేకుండ ప్రకటించెను. మతము మార్చుకొన్న కుమారులను ఇంటినుండి వెడలగొట్టిన తండ్రులను మన దేశమున మేమెఱుగుదుము. కుమార్తెకు ఆ ధైర్యము గలుగుట మాత్రము మిక్కిలి యరుదు.

1857లో తండ్రి మరణించెను. భవనము పెద్దన్నకు చెందెను. ఆమెకు సాలునకు 200 పౌనుల ఆదాయము మిగిలెను. ముప్పదియైదేండ్ల యవివాహిత ఒంటరిగా బయలుదేఱి రోముపట్టణము, ఈజిప్టు, పాలస్తీనా చూచివచ్చెను. 1858లో బ్రిస్టలు చేరి మేరీ కార్పెంటరుతో రెడ్ లాడ్జి యను బాలికల సంస్కరణశాలలో పనిచేసెను. కార్పెంటరు ఉపవాసప్రాయమైన జీవితమున సంతోషముండెడిది. కుమారి కాబ్ కు మంచిభోజనమును, నవ్వును, స్నేహగోష్ఠియు కావలసియుండెను. ఇరువురును ఎక్కువకాలము కలిసి యుండలేకపోయిరి. కాని బీదలయిండ్లలో నయముకాని రోగములతో పడియుండువారి దుఃఖమును చూచి వారికై వ్రాయుట ఆమె యక్కడనే నేర్చుకొనెను. 1860లో పార్కరు ఫ్లారెన్సు నగరమున మరణశయ్యపై నుండగా ఆమె ఆయనను చూచెను. ఆయన గ్రంథములను 1863 మొదలుకొని పదునాలుగు సంపుటములుగా ప్రకటించినది యామెయే.

పిమ్మట లండనుచేరి పత్రికలలో వ్రాసి జీవించెను. ఎకో యను దినపత్రికకు 1868 మొదలు 1875 వఱకు వారమునకు మూడుమాఱులు ప్రధానవ్యాసములు వ్రాయుచుండెను. స్త్రీలకు విశ్వవిద్యాలయపట్టము లియ్యవలెనని 1862లోనే సభలో చదివి పరిహాసమునకు పాత్రురాలైనది. భర్తలచే చావుదెబ్బలు తినుచున్న బీదస్త్రీలను గూర్చి 1878లో ఆమె వ్రాసిన వ్యాసము ఆ యేటి చట్టమునకు తోడ్పడెను. కఠినముగా కొట్టినందులకు శిక్షపడిన భర్తనుండి భార్య వేఱుగా నుండుటకు మేజిస్ట్రేటు ఉత్తరువు ఇయ్యవచ్చునని ఆ చట్టము నిర్ణయించెను. వేఱొక సంస్కర్తకైన నీ యొక్క పనియే జీవితఫలముగా చాలియుండును.

కేశవచంద్రసేనులవారు 1870 మార్చినెలలో లండను చేరి సెప్టెంబరు వఱకు ఇంగ్లండున నుండిరి. అంతకు ముందే ఆమె బ్రహ్మసమాజమును గూర్చి ఆంగ్లపత్రికలో వ్యాసము వ్రాసి తన దేశీయులకు తెలియజేసియుండెను. సేనులవారిని ఆమె తన యింటికి ఆహ్వానించి గౌరవించినది. తాను ఒంటరిగా వెదకి కనుగొన్న యీశ్వరుని, సముద్రములకు ఆవల వేఱొక జాతివారును అట్లే కనుగొన్నారను సంతోషము ఆమె స్వీయచరిత్రమున కానవచ్చును. ఇక్కడ మేమొక మాట చెప్పవలసియున్నది. ఆమె జంతుకారుణ్యమును కొందఱు వృద్ధకన్యల కుక్కపిల్లల ముచ్చటగా నెంచి నవ్విరి. వారు ఆమె నీతిశాస్త్రమును చదివినవారు గారు. జంతువునకు మనమీద హక్కున్నదా లేదా యని యామె మొదట అడుగలేదు. మంచిచెడ్డల నెఱిగి స్వేచ్ఛగా నడచు జీవి, సుఖదుఃఖముల ననుభవింపగల ప్రతిజీవి యెడలను ఋణపడియున్నదని యామె మతము. దుర్బలత యెంత యెక్కువయో ఋణ మంత యెక్కువ.

ఆ మతమునకు పరీక్ష 1863లో ఫ్లారెన్సు నగరమున కలిగెను. ఆమె అప్పుడు లండను పత్రికయొకదానికి విలేఖకురాలుగా నక్కడ నుండెను. మారిట్జ్ షిఫ్ అను శరీరశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో కుక్కలను సజీవముగా కోయుచున్నారని ఇరుగుపొరుగువారు చెప్పుకొనుచుండిరి. ఆమె ఒక విన్నపపత్రము వ్రాసి వందలకొలది సంతకములు చేయించి పంపెను. ఫలము కలుగలేదు. ఆ యేడే ఆమె వ్రాసిన వ్యాసమున నొక విశేషమున్నది. మనుష్యుని యవసరమునకై జంతువు ప్రాణము తీయుట తప్పని యామె యనలేదు. బాధపెట్టుట తప్పనెను. మత్తుమందులు కనుగొనబడిన తరువాత శాస్త్రజ్ఞులకు బాధపెట్టవలసిన యగత్యమే లేదనెను. ఈథరు 1846లోను క్లోరోఫారము 1847లోను వైద్యమునకు వచ్చినవి. అనగా మేల్కొన్న జంతువును కోయుట అగత్యమను వాదము అప్పటికి పదునాఱేండ్లుగా బలహీనమైపోయినది.

అయితే మత్తుమందు ఉన్నంతమాత్రమున నది వాడబడుచున్నదని చెప్పుటకు వీలులేదు. అమెరికాఖండపు అడవిజాతులు బాణములకు పూయు క్యూరేరి యను విషముండెను. అది కండరములను కదలనీయదు. బాధను మాత్రము తగ్గింపదు. ఊపిరిని యంత్రముతో నాడించుచు, కదలలేని జంతువును గంటలకొలది కోయవచ్చును. చూచువారికి నది నిద్రించినట్లే కనబడును. 1873లో నలుగురు ఆంగ్లశాస్త్రజ్ఞులు విద్యార్థులకై యొక ప్రయోగగ్రంథమును ప్రకటించిరి. అందు మత్తుమందు ప్రస్తావన చాల యరుదు. వాడుట తెలిసినదే గనుక వ్రాయలేదని తరువాత సమాధానము చెప్పిరి. మేము న్యాయస్థానములలో చూచినంతవఱకు, తెలిసినదే గనుక వ్రాయలేదను వాక్యము ఎవరిని రక్షింపలేదు.

1874 ఆగస్టులో నార్విచ్ పట్టణమున వైద్యుల వార్షికసభ జరుగుచుండగా మాన్యాన్ అను ఫ్రెంచివైద్యుడు రెండు కుక్కల రక్తనాళములలోనికి మద్యమును, ఆబ్సింతును ఎక్కించి చూపెను. సభలో కొందఱు వైద్యులే నిరసించి ఆపజూచిరి. జంతుహింసానివారణసంఘమువారు అభియోగము తెచ్చిరి. మాన్యాన్ స్వదేశమునకు వెడలిపోయెను. సభ నేర్పఱచినవారిపై నేరము రుజువుకాలేదు. అప్పటి చట్టము బండివానిని, కసాయివానిని పట్టగలదు గాని పండితుని పట్టలేదని అందఱికిని తెలిసెను.

కుమారి కాబ్ 1875 జనవరిలో ఆ సంఘమువారికి గొప్ప విన్నపమును సమర్పించెను. కార్లైలు, టెన్నిసను, బ్రౌనింగు మొదలగువారు అందు సంతకము చేసిరి. చార్లెస్ డార్విను చేయుట కొప్పుకొనలేదు. ఫిబ్రవరిలో జార్జి హాగన్ అను వైద్యుడు తాను నాలుగుమాసములు పనిచేసిన యొక పారిసు ప్రయోగశాలనుగూర్చి పత్రికకు వ్రాసిన జాబు దేశమును కలచివేసెను. నేలమాళిగనుండి పైకి తెచ్చినతోడనే కుక్కలు రాబోవుదానిని పసిగట్టి యెదుటివారిని బ్రతిమాలినట్లు చూచెడివని ఆయన వర్ణించెను. మే నెలలో పార్లమెంటునకు రెండు బిల్లులు వచ్చినవి. ఒకటి కుమారి కాబ్ పక్షమువారిది, రెండవది డార్విను మొదలగు శాస్త్రజ్ఞుల సమ్మతితో ప్లేఫేరు తెచ్చినది. రెండును నెగ్గలేదు. జూన్ లో ప్రభుత్వమువారు రాయల్ కమిషను నియమించిరి. ఆ కమిషను ఎదుట క్లైన్ అను శాస్త్రజ్ఞుడు తన సౌకర్యమునకు తప్ప మత్తుమందు వాడననియు, జంతువుల బాధను తలచుకొనుటకు తనకు తీఱిక యుండదనియు నిస్సంకోచముగా సాక్ష్యమిచ్చెను. ప్రతిపక్షమునకు ఆయన చేసిన యుపకారము కుమారి కాబ్ వ్యాసములన్నియు చేయలేకపోయినవి.

ఆ యేటి చివరనే ఆమెయు హాగన్ వైద్యుడును కలసి ఒక సంఘమును స్థాపించిరి. షాఫ్ట్స్బరీ ప్రభువు దాని యధ్యక్షుడు. విక్టోరియా వీథిలో కార్యాలయము. 1876 మే నెలలో కార్నార్వను ప్రభువు ప్రభుత్వపక్షమున బిల్లు తెచ్చెను. కుక్కలమీదను పిల్లులమీదను ప్రయోగములను ఆ బిల్లు పూర్తిగా నిషేధించుచుండెను. వైద్యులు గుంపులుగా హోము సెక్రెటరీని దర్శించి తమ కది యవమానమని మొఱపెట్టుకొనిరి. బిల్లు సవరింపబడెను. కుక్కలకును పిల్లులకును గల రక్షణ ప్రత్యేకసర్టిఫికెట్టు అను ద్వారముగా మాఱిపోయెను. ఆగస్టు 15వ తేదీని అది చట్టమయ్యెను.

మే మా చట్టమును పలుమాఱులు చదివితిమి. లైసెన్సు లేనిదే వెన్నెముకగల జంతువుపై ప్రయోగము చేయరాదు. చేతినేర్పు సంపాదించుటకై చేయరాదు. ప్రజలకు ప్రదర్శనముగా చేయరాదు. ప్రయోగకాలమంతయు జంతువు బాధ తెలియనంత మత్తులో నుండవలెను. క్యూరేరి మత్తుమందుగా నెంచబడదు. నేరమునకు మొదటిసారి యేబది పౌనులవఱకు జుల్మానా. మఱల చేసినచో నూఱు పౌనులవఱకు జుల్మానా గాని మూడుమాసముల వఱకు ఖైదు గాని. వీని మధ్య నొక షరతున్నది. మత్తు దిగిన తరువాతను బాధ నిలిచియుండునట్లు తోచినను, జంతువునకు తీవ్రమైన గాయము కలిగినను, దానిని మత్తు విడకమునుపే చంపవలెను.

ఈ షరతు కఠినముగా కనబడవచ్చును. ప్రాణమే గొప్పదని నమ్మువారికి చంపవలెనను మాట దయగా తోచదు. కాని కత్తి క్రింద పడియున్న కుక్క స్థితినిబట్టి యోచింపవలెను. ప్రయోగము ముగిసినది, పండితుడు చేతులు కడుగుకొన్నాడు. జంతువు కడుపు తెఱచియున్నది. దానికి బ్రతుకు మిగుల లేదు, బాధ మాత్రమే మిగిలియున్నది. దానికి మత్తునిచ్చి కోసినవానికి ఋణ మింకను తీఱలేదనియు, ఆ కడపటి ఘడియకును వాడే యుత్తరవాది యనియు ఈ వాక్యము చెప్పుచున్నది. అంతకుముందు ఏ దేశపు చట్టమునందును మే మిట్టి వాక్యమును చూడలేదు.

దీనికి మినహాయింపు గలదు. అట్లు చంపుటచే ప్రయోగోద్దేశమే చెడునని పండితులు సర్టిఫికెట్టు ఇచ్చినయెడల జంతువును మేల్కొననీయవచ్చును. ఉద్దేశము నెఱవేఱినతోడనే చంపవలెను. సర్టిఫికెట్టు వ్రాయువారు శాస్త్రసంఘములవారును వైద్యశాస్త్రాచార్యులును. లైసెన్సుగలవానిపై అభియోగము తేవలెనన్నచో హోము సెక్రెటరీ వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. బాధ నిలుచునా లేదా యని మొదట నిర్ణయించువాడు కత్తిపట్టినవాడే. ఈ లోపములన్నియు కుమారి కాబ్ ఆనాడే కనిపెట్టెను. జంతువులను రక్షించుటకు పుట్టిన చట్టము ప్రయోగము చేయువారికే కవచమైనదని ఆమె దుఃఖించెను. కొంతకాలము పనియే మాని పోవలెననుకొనెను. 1878లో ఆమె సంఘము షరతులను వదలి పూర్తినిషేధమునే కోరుటకు తీర్మానించెను. హాగన్ వైద్యుడు విడిపోయెను.

1881లో జరిగిన యొక అభియోగము ఆమె సంశయమును బలపఱచినది. ఆగస్టులో లండనున జరిగిన అంతర్జాతీయవైద్యసభలో డేవిడ్ ఫెరియరు మెదడులో కొంతభాగము తీసివేయబడి బ్రతికియున్న కోతులను చూపెను. ఆ కోతులను అట్లు బ్రతుకనిచ్చుటకు ఫెరియరునకు అనుమతి లేదని సంఘము నవంబరులో బో వీథి న్యాయస్థానమున నేరారోపణ చేసెను. వైద్యపత్రికలు ప్రయోగము ఫెరియరే చేసెనని ప్రకటించియుండెను. సాక్ష్యమునకు వచ్చునప్పటికి, శస్త్రము పట్టినది సహోద్యోగి జెరాల్డ్ యో యనియు, ఆయనకు లైసెన్సును, జంతువును బ్రతుకనిచ్చు సర్టిఫికెట్టును కలవనియు తేలెను. అభియోగము కొట్టివేయబడెను. న్యాయాధికారి తీర్పు చట్టరీత్యా సరియైనదే. పత్రికలోని వార్తను సాక్ష్యముగా నమ్మి కోర్టుకు పోవుట వాదిపక్షమువారి తప్పు. అయినను కోతులకు మత్తు విడిచినదన్న సంగతిని ఎవరును కాదనలేదు. విచారణ యంతయు కత్తి ఎవరిచేత నుండెనను దానిమీదనే నడచెను.

ఆ షరతు మాత్రము చావలేదు. 1906లో నియమింపబడిన రెండవ రాయల్ కమిషను 1912లో నివేదిక సమర్పించుచు, ప్రయోగానంతరము బాధ కనబఱచు జంతువులను నిర్బాధముగా చంపుటకు మఱింత కట్టుదిట్టములు కావలెననెను. 1986లో క్రొత్తచట్టము వచ్చి 1876 చట్టము రద్దయినప్పుడు, ఏ జంతువు నే విధమున చంపిన దయగా చంపినట్లో మొదటి షెడ్యూలులో జాబితాగా వ్రాసిరి. మత్తుమందు మోతాదు మించి ఇచ్చుట అందొకటి. అంతేగాక చంపినతోడనే పని ముగిసినట్లు గాదనియు, రక్తప్రసారము శాశ్వతముగా నిలిచినదో లేదో, లేక వేఱు నిర్ణీతచిహ్నములచేత, మరణమును రూఢిచేసికొనవలెననియు నిర్బంధించిరి. ఎలుకలను చంపుటకు చాలకాలముగా వాడబడుచున్న బొగ్గుపులుసుగాలిని అవి యెంత భయముతో తప్పించుకొనజూచునో ఇటీవలి దశాబ్దముల పరిశోధనలు చూపినవి. దయగా చంపుట యనునది ఒకసారి చట్టమున వ్రాసి మఱచిపోదగిన విషయము గాదని దీనిచే తెలియుచున్నది.

మనదేశమునకును ఈ వాక్యము వచ్చినది. రుక్మిణీదేవి అరండేలుగారు రాజ్యసభలో తెచ్చిన బిల్లు కారణముగా 1960లో జంతుహింసానివారణచట్ట మేర్పడెను. దాని 17వ సెక్షనులో, మత్తులో నుండగా తీవ్రముగా గాయపడి, కోలుకొన్నచో మిక్కిలి బాధ ననుభవింపవలసిన జంతువులను స్పృహ రాకమునుపే సాధారణముగా చంపవలెనని యున్నది. హైదరాబాదు ఔషధపరిశోధనాలయములకును ఈ చట్టమే వర్తించును. ఆ సాధారణముగా అను పదము 1876 చట్టమున లేదు. అక్కడ మినహాయింపునకు సర్టిఫికెట్టు కావలసియుండెను. ఇక్కడ ఒక క్రియావిశేషణము చాలినది. చట్టములు వ్రాయువారు ఇట్టి చిన్నమాటలను ఎంత తేలికగా చేర్తురో మేమెఱుగుదుము. వానిని తొలగించుటకు ఒక తరము పట్టును.

కుమారి కాబ్ తప్పులు చేయలేదని మేమనము. 1892లో ఆమె ప్రోత్సాహముతో జంతుప్రయోగములను గూర్చి యొక పుస్తకము వెలువడెను. శాస్త్రజ్ఞుల నివేదికలనుండి సంగ్రహించిన ఆ పుస్తకమున, మత్తుమందు వాడినట్లు మూలమున స్పష్టముగా నున్న పలుతావుల ఆ సంగతి విడిచిపెట్టబడెను. విక్టర్ హార్స్లీ అను శస్త్రవైద్యుడు ఫోక్స్టన్ పట్టణమున జరిగిన క్రైస్తవమహాసభలో దీనిని బయటపెట్టెను. సంగ్రహించినది ఇతరులైనను పూచీ ఆమెది. ఆమె పుస్తకమును ఉపసంహరించి సవరించి మఱల ప్రకటించెను గాని పోయిన నమ్మిక పూర్తిగా తిరిగిరాలేదు. శత్రువులు తెలిసినదే గనుక వ్రాయలేదని చెప్పినప్పుడు ఆమె క్షమింపలేదు. తన పుస్తకమున వ్రాయబడనిదానికి లోకమును క్షమింపుమని యామె అడుగుట కష్టము. మన సంస్కరణసంఘముల కరపత్రములు వ్రాయువారును ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. మా పక్షము ధర్మపక్షమను ధైర్యము మూలగ్రంథమును సరిచూచుకొను శ్రమను తప్పించును గదా.

శాకాహారులైన మన చదువరులు అడుగగల ప్రశ్న మఱియొకటి కలదు. ఆమె మాంసాహారమును మానలేదు. ఆనా కింగ్స్ఫర్డు అను వైద్యురాలు శాకాహారమును బోధించుచు ఆమెను నిందించెను; ఇరువురికిని సరిపడలేదు. కాని 1863 నాటి ఆమె సిద్ధాంతము నెఱిగినవారికి ఇందు వైరుధ్యము కనబడదు. చావు జంతువునకు కీడు గాదు, బాధయే కీడని యామె నమ్మెను. తప్పిపోయిన కుక్కలకై లండనున నేర్పడిన శరణాలయమునకు సహాయముగా 1867లో ఆమె చిన్నపుస్తకము వ్రాసెను. ఎవరును తీసికొనిపోని కుక్కలను అక్కడ చంపవలసివచ్చెడిది. దానికై రిచర్డ్సన్ అను వైద్యుడు 1884లో మత్తుగాలులతో నింపిన గదినొకదానిని కట్టి యిచ్చెను. జంతువు ప్రాణమును తీయుటకు మనుష్యునకు అధికారమున్నదా యను ప్రశ్నను ఆమె తగినంత లోతుగా విచారింపలేదని మా యభిప్రాయము. అధికారమున్నదని చెప్పువారు దానిని ఏ తీరున వాడవలెనను ప్రశ్నను మాత్రము ఆమె వలె ఎవరును విచారింపలేదు.

1884లో ఆమె లండను విడిచి, శిల్పియైన తన చిరకాలసఖి మేరీ లాయిడుతో వేల్సుదేశమున డొల్గెల్లీ పట్టణసమీపమందలి హెంగ్వర్టు భవనమున కాపురము పెట్టెను. స్వీయచరిత్రమును 1894లో ప్రకటించెను. 1896లో లాయిడు మరణించెను. 1898లో సంఘము స్టీఫెన్ కోల్రిజు నాయకత్వమున పూర్తినిషేధమునకు ముందు చిన్నచిన్న సంస్కరణములను కోరవచ్చునని తీర్మానించెను. తాను స్థాపించిన సంఘమును డెబ్బదియైదవయేట ఆమె విడిచిపెట్టి, బ్రిస్టలునందు, నలువదియేండ్ల క్రిందట మేరీ కార్పెంటరు కడ సేవ యారంభించిన ఆ నగరముననే, పూర్తినిషేధమునకు క్రొత్త సంఘమును స్థాపించెను. ఆ సంఘము పేరు మార్చుకొని నేటికిని పనిచేయుచున్నది.

ఈ కలహమున మేము కోల్రిజు పక్షమునే యుందుము. రేపటి కుక్కకు పూర్తినిషేధము మేలు. నేటి కుక్కకు మత్తు విడకమునుపు చావు మేలు. నేటిదానిని రేపటికై విడిచిపెట్టుటకు మాకు మనసొప్పదు. అయినను 1903 నవంబరులో ఆ కోల్రిజుపైననే బేలిస్ అను శాస్త్రజ్ఞుడు పరువునష్టపు దావా వేసి 2,000 పౌనులు గెలిచెను. ఒక గోధుమవన్నెకుక్క రెండవమాఱు కోయబడినప్పుడు మత్తులో నుండెనా లేదా యనునది అక్కడ వివాదము. చివరకు దానిని చంపిన యువకుడు గుండెలో కత్తిదించి చంపితినని సాక్ష్యమిచ్చెను. హెంగ్వర్టులో నున్న వృద్ధురా లీ వార్తను చదివి, చిన్న సంస్కరణములు ఎంతదూరము తీసికొనిపోయినవో చూడుడని తలంచియుండినచో మేమామెను తప్పుపట్టజాలము.

1904వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీని ఆమె హెంగ్వర్టులో మరణించెను. జీవించియుండగనే పాతిపెట్టబడుదురేమో యను భయము ఆ కాలమున పలువురి కుండెను, ఆమెకును ఉండెను. సమాధిలో మేల్కొనుట ఎన్నటికిని సంభవింపకుండునట్లు, తన మెడనాళములను శ్వాసనాళమును వైద్యుడు పూర్తిగా కోసి రూఢిచేసికొన్న పిమ్మటనే తన్ను పాతిపెట్టవలెనని ఆమె మరణశాసనమున స్పష్టముగా వ్రాసియుంచెను. లానెల్టిడ్ గ్రామపు శ్మశానమున మేరీ లాయిడు ప్రక్కను ఆమెను సమాధి చేసిరి.